పడవలు వేటకెళ్ళేలోపే బడి పనులు

మన రాష్ట్రంలో బడులు జూన్ 12, ఆ చుట్టుపక్కలే తెరుస్తారు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఈ రెండు తేదీలూ పక్కపక్కనే పడటం మా నెల్లూరు జిల్లా పట్టపుపాలెం బడికి పెద్ద తలనొప్పి. పద్నాలుగో తేదీ దాటిందంటే మగవాళ్ళు సముద్రంలో, ఆడవాళ్ళు చేపల గంపలతో కావలిలో ఉంటారు. సంతకం పెట్టే మనిషి ఊళ్ళో దొరకదు. అందుకే స్కూలు కమిటీలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు చైర్‌పర్సన్‌గా నేను చెప్పేది ఒకటే: కాగితాల పని మే నెలలోనే తెమల్చండి.

ముందు పిల్లల లెక్క. అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఐదేళ్ళు నిండినవాళ్ళ పేర్లుంటాయి, అవి రాసుకుని బయల్దేరండి. ఇళ్ళకు పోయి లాభం లేదు. ఆ నెలంతా మావాళ్ళు ఒడ్డున పందిళ్ళ కింద వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, అక్కడికే పోండి. ఫైలు చేతిలో పెట్టుకుని పోతే లోన్ వసూలుకొచ్చారనుకుని సగం మంది లేచిపోతారు. ఖాళీ చేతులతో వెళ్ళి పక్కన కూర్చుని, "ఏం మామా, మనవరాలిని ఎక్కడ వేస్తున్నావు?" అని అడగండి. "టౌన్లో కాన్వెంటుకమ్మా, బస్సు ఇంటిముందుకే వస్తది" అంటాడు. వాదన పెట్టుకోవద్దు. ఫీజెంత, బస్సుకెంత, వేటలేని రెండు నెలలూ ఎట్లా కడతావు అని అడిగి, లెక్క ఆయన నోటితోనే చెప్పించండి. నిషేధ కాలానికిచ్చే భృతి ఎటు పోతుందో ఆయనకే తెలిసొస్తుంది.

ఒప్పుకున్నాక కాగితాలు. పుట్టిన సర్టిఫికెట్, బిడ్డ ఆధార్, తల్లి ఆధార్, తల్లి బ్యాంకు పాస్‌బుక్ అన్నీ చాప మీద పక్కపక్కన పరిచి అక్షరం అక్షరం కలిపి చూడండి. ఒకదాంట్లో పోలమ్మ, ఇంకోదాంట్లో పోలేరమ్మ. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక. పుట్టినరోజుల సంగతి ఇక అడక్కండి, పాత ఆధార్‌లు చూస్తే పాలెంలో సగం మంది జనవరి 1నే పుట్టారు! ఐదేళ్ళలోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు, ఐదు నిండాక మళ్ళీ పోయి వేయించాలి. బడికి పోయే పిల్లల తల్లుల ఖాతాలో ప్రభుత్వం వేసే తల్లికి వందనం డబ్బులు పడలేదని తర్వాత ఎవరినో తిట్టుకునే బదులు, వేట లేని రోజుల్లోనే తల్లీబిడ్డలను ఆటో ఎక్కించి ఆధార్ సెంటరుకు తీసుకుపోండి.

కాగితాల్లేవని మాత్రం ఎవరినీ వెనక్కి పంపనివ్వొద్దు. రొయ్యల చెరువుల కాపలాకు ఊరూరా తిరిగే యానాది కుటుంబాల పిల్లలు చాలామంది వట్టి చేతులతోనే వస్తారు. టీసీ ఆలస్యమైనా, వయసు రుజువు లేకపోయినా చేర్చుకోవాల్సిందేనని విద్యా హక్కు చట్టం, 2009లో ఉంది. హెచ్‌ఎం గారికీ ఈ సంగతి తెలుసు. అయినా కమిటీ నోట కూడా వస్తే ఆయనకూ బలం.

బడి శుభ్రం ఒక ఆదివారం పని. వరండాలో పేరుకున్న ఇసుక ఎత్తించండి. ఉప్పుగాలికి గడియలు, కిటికీ బందులు బిగుసుకుపోయి ఉంటాయి, నూనె వేసి ఆడించండి. మూల గదిలో బెంచీలు కదిపేటప్పుడు ముందు కర్రతో తట్టండి, పాములుంటాయి. నీళ్ళ ట్యాంకు బ్లీచింగ్‌తో కడిగించండి. వేసవికి ముందు మిగిలిన బియ్యం ఉంటే వంటమ్మ విప్పి చూసిందా లేదా కనుక్కోండి, పురుగు పట్టి ఉంటే పిల్లలు తొలిరోజే పళ్ళెం తోసేస్తారు.

పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే కిట్లు వచ్చినప్పుడు అందులోని బూట్లు అక్కడికక్కడే తొడిగి చూడాలి. సైజులు ఎప్పుడో రాసి పంపినవి, ఆలోపు పిల్లల పాదాలు పెరిగి ఉంటాయి. ఒకరికి బిగుతైనవి ఇంకొకరికి సరిపోతాయి, టీచరును అడిగి మార్చేయండి. యూనిఫాం బట్ట అందరిదీ కలిపి ఒకే టైలరుకు ఇస్తే కుట్టుకూలి తగ్గుతుంది.

తెరిచే ముందురోజు సాయంత్రం గంగమ్మ గుడి మైకులో చాటించండి. తొలిరోజు గుమ్మానికి మామిడాకులు, పిల్లలకు పలకలు చాలు, ఉపన్యాసాలొద్దు.

అసలు పరీక్ష వేట మొదలయ్యాక. అమ్మానాన్నలు తెల్లారకముందే పోతారు, పిల్లలను లేపేవాళ్ళుండరు. వీధికో అవ్వను మాట్లాడుకోండి. ఎవరి పిల్లోడు ఇంకా లేవలేదో ఆమెకు వాకిట్లో నిలబడితేనే తెలుస్తుంది. మా వీధి అవ్వకు పొద్దున టీ డబ్బులు కమిటీ వాళ్ళం మా చేతి నుంచే ఇస్తున్నాం.