వి.ఎల్.పి. పాఠాలు – 4: డెండ్రిటిక్ కణాన్ని లేపింది రేణువేనా?

పోయిన పాఠంలో ఈస్ట్‌లో తయారైన హెచ్.పి.వి.-16 (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) ఎల్1 ప్రోటీన్ రేణువుల్ని, అంటే వి.ఎల్.పి.ల్ని (వైరస్‌లా కనిపించే రేణువులు), కాలమ్ దాటించి శుద్ధి చేశాం. 360 ఎల్1 ప్రోటీన్లు ఐదేసి చొప్పున 72 గుత్తులై కట్టుకున్న డొల్ల బంతి అది. లోపల వైరస్ జన్యువులు లేవు కాబట్టి జబ్బు చేయదు. దాదాపు 55 నానోమీటర్ల ఈ బంతిని డెండ్రిటిక్ కణం (రోగనిరోధక వ్యవస్థలోని కాపలా కణం) సులువుగా మింగి, ముక్కలు చేసి, ఎం.హెచ్.సి. (కణం పైన ముక్కల్ని పట్టి చూపే ప్రోటీన్) మీద పెట్టి టి కణాలకు చూపిస్తుంది. ఆ కణం నిజంగా మేల్కొందా (చురుకైందా), లేపింది రేణువేనా, వెంట వచ్చిన కల్తీయా అన్నదే ఈ పాఠం.

చిట్టెలుక తొడ ఎముక మజ్జ నుంచి 20 లక్షల కణాలు తీసి, 10 మి.లీ. మీడియంలో మి.లీ.కి 20 నానోగ్రాముల జి.ఎం.-సి.ఎస్.ఎఫ్. (మజ్జ కణాల్ని డెండ్రిటిక్ కణాలుగా మార్చే ప్రోటీన్) కలిపి పెంచండి. బాక్టీరియాకు వాడే మామూలు పెట్రీ డిష్ చాలు. కల్చర్ డిష్‌లో అయితే కణాలు గట్టిగా అంటుకుని ఊడి రావు. 3వ రోజు మరో 10 మి.లీ. పోయండి, 6వ రోజు సగం మార్చండి, 8వ రోజు తేలే కణాల్ని తీయండి. పిపెట్‌తో చిలికారంటే రేణువు వేయకముందే అవి మేల్కొంటాయి.

24 గుంటల ప్లేట్‌లో గుంటకు 10 లక్షల కణాలు, 1 మి.లీ. మీడియం. ఒకదాంట్లో వి.ఎల్.పి. 10 మైక్రోగ్రాములు, ఇంకోదాంట్లో అంతే పరిమాణంలో ఉత్త బఫర్ (వి.ఎల్.పి. బఫర్‌లో ఉప్పు ఎక్కువ, దాని ప్రభావం విడిగా తెలియాలి), మరోదాంట్లో ఎల్.పి.ఎస్. (బాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్, ఈ కణాన్ని గట్టిగా లేపేది) 10 నానోగ్రాములు. వి.ఎల్.పి.కి, ఎల్.పి.ఎస్.కి పాలీమిక్సిన్-బి (ఎల్.పి.ఎస్.ను పట్టి పనిచేయకుండా చేసే మందు) 10 మైక్రోగ్రాములు కలిపిన గుంటలు కూడా ఉండాలి. ఎల్.పి.ఎస్. గుంటలో స్పందన పడిపోయి, వి.ఎల్.పి. గుంటలో పడిపోకపోతే ఎండోటాక్సిన్ అనుమానం చాలావరకు తీరినట్టే.

చాలావరకే. ఈస్ట్ గోడలోని బీటా-గ్లూకాన్ డెక్టిన్-1 గ్రాహకం ద్వారా ఇదే కణాన్ని లేపుతుంది, పాలీమిక్సిన్ దాన్ని తాకదు. పైగా లిములస్ పరీక్షలో ఎండోటాక్సిన్ ఉన్నట్టు దొంగ ఫలితం కూడా ఇస్తుంది. ఉడికించిన వి.ఎల్.పి.తో పోల్చడం వాడుకలో ఉన్నదే. కానీ ఉడికిన ప్రోటీన్ గడ్డ కడుతుంది, కణాలు ఆ గడ్డల్నీ మింగుతాయి, కాబట్టి దాని మీదే తీర్పు చెప్పకండి. గట్టి కంట్రోల్ ఒక్కటే: ఎల్1 జన్యువు లేని ఖాళీ ప్లాస్మిడ్ (జన్యువును మోసే డి.ఎన్.ఎ. వలయం) పెట్టిన అదే ఈస్ట్‌ను, అదే కాలమ్ గుండా, అదే భాగం వరకు శుద్ధి చేసి వేయండి. పని రెట్టింపు, తప్పదు.

18 నుంచి 24 గంటల తర్వాత ఫ్లో సైటోమీటర్‌లో సి.డి.11సి (డెండ్రిటిక్ కణం గుర్తు) ఉన్న కణాల్ని గేట్ చేసి (విడిగా ఎంచుకుని), వాటి మీద సి.డి.80, సి.డి.86 (మేల్కొన్న కణంపై పెరిగే ప్రోటీన్లు) చూడండి. బఫర్ గుంటలోనే సి.డి.86 ఎక్కువగా కనిపిస్తే ప్లేట్ పారేసి మళ్లీ మొదలు. పైద్రవాన్ని చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. వచ్చే పాఠంలో అందులోని ఐ.ఎల్.-12ను (మేల్కొన్న కణం వదిలే సంకేత ప్రోటీన్) ఎలైసాతో (యాంటీబాడీలతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) కొలుస్తాం.