ఊరూరా తిరిగి క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు: నెల్లూరు, ప్రకాశం దారుల్లో పనిచేసే పద్ధతి

ఏ ఊళ్లో టేబుల్ వేసినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "అన్నా, ఈ డబ్బులు యాడికి పోతాయి?" దీనికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పలేనప్పుడు బండి తీయకండి. "క్యాన్సర్ కోసం" అంటే చాలదు, వినేవాళ్లు దాన్ని రోగుల వైద్యానికి సాయం అనుకుంటారు. పరిశోధనకు అడిగేటప్పుడు పరిశోధనకనే చెప్పాలి. ఫ్లెక్సీ మీద గుండు చేయించిన పసిబిడ్డ ఫొటో వేసి, వచ్చిన డబ్బు ల్యాబ్‌కు పంపితే అది మోసమే, మన ఉద్దేశం ఎంత మంచిదైనా సరే.

అందుకే ముందు సంస్థ దగ్గర కాగితాలు తెచ్చుకోవాలి. నెల్లూరు జనానికి బాగా తెలిసిన పేరు 1954లో మొదలైన చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. ముంబయి టాటా మెమోరియల్‌కు ఖార్ఘర్‌లో ప్రత్యేకంగా పరిశోధన కేంద్రమే ఉంది. ఏ సంస్థ అయినా, వాళ్ల లెటర్‌హెడ్ మీద నాలుగు విషయాలు ఉండాలి: మనకు సేకరించే అనుమతి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, డబ్బు పరిశోధన నిధికే చేరుతుందన్న మాట, బ్యాంకు ఖాతా వివరాలు. రసీదు పుస్తకాలు వరుస నంబర్లతో వాళ్లే ఇవ్వాలి. సొంతంగా అచ్చు వేయించుకోవద్దు.

పరిశోధన అంటే ఏమిటో రెండు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పే ఉదాహరణ ఒకటి నోటికి వచ్చి ఉండాలి. డ్వాక్రా సంఘాల మీటింగుల్లో బాగా పనిచేసేది వెనిగర్ సంగతి. టాటా మెమోరియల్ వైద్యులు ముంబయి మురికివాడల్లో సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఏళ్ల తరబడి ఒక అధ్యయనం చేశారు. డాక్టర్లు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, గర్భాశయ ముఖద్వారానికి పల్చటి వెనిగర్ ద్రావణం రాసి పరీక్ష చేయించారు. తేడా ఉన్నచోట తెల్లగా మారుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయేవాళ్లు 31 శాతం తగ్గారని 2013లో ఫలితాలు వచ్చాయి. టేబుల్ మీద ఒక చిన్న వెనిగర్ సీసా పెట్టి ఈ మాట చెప్పండి. పరిశోధన అంటే ఎక్కడో అమెరికాలో జరిగేది అన్న అభిప్రాయం అక్కడికక్కడే పోతుంది.

ఇక ఎప్పుడు తిరగాలన్నది. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా వాయుగుండాల భయం. నెల్లూరు తీరంలో గ్రౌండ్ బురదైతే అడ్వాన్సులన్నీ పోతాయి. ఏప్రిల్, మే ఎండల్లో జనం బయటకు రారు. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. ఇంటర్, పదో తరగతి పరీక్షలు మొదలైతే కాలేజీ గ్రౌండ్లూ దొరకవు, మైకు పెట్టడమూ ధర్మం కాదు. మొహర్రం నెలలో రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరు లాడ్జిల్లో గది దొరకదు. ఆ వారం అటువైపు వెళ్లకుండా ఒంగోలు పక్క ఊళ్లు పెట్టుకోండి.

నెల్లూరు నుంచి కావలి, సింగరాయకొండ, ఒంగోలు ఊళ్లు హైవే మీదే కాబట్టి బండికి సులువు. కానీ నడక, పరుగు కార్యక్రమాలు హైవే దరిదాపుల్లో కూడా పెట్టొద్దు, ఊరి లోపలి రోడ్లే. కందుకూరు, పొదిలి, కనిగిరి వైపు తిరిగితే రోజుకు ఒక్క ఊరే పెట్టుకోవాలి. బృందంలో ఒక మనిషి పది రోజులు ముందుగా ఊరికి వెళ్లి హెడ్‌మాస్టర్ దగ్గర గ్రౌండుకు, మున్సిపాలిటీ లేదా పంచాయతీలో స్థలానికి, పోలీస్ స్టేషన్లో మైకుకు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రాత్రి పది తర్వాత మైకు మోగకూడదు. ఫోన్లో "సరే" అన్న అనుమతి కార్యక్రమం రోజు నిలబడదు.

డబ్బు చేతికి వచ్చే చోటే పని చెడేది. హుండీకి రెండు తాళాలు వేయండి. ఒక తాళంచెవి మన దగ్గర, రెండోది ఆ ఊరివాళ్లు నమ్మే మనిషి దగ్గర, బ్యాంకులో రిటైరైన పెద్దమనిషో, టీచరమ్మో. బండి కదలకముందే, నలుగురూ చూస్తుండగా, ఆ ఊళ్లోనే లెక్కపెట్టాలి. 500 నోట్లు ఎన్ని, 100లు ఎన్ని, చిల్లర ఎంత అని కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేసి ఫొటో తీయాలి. హుండీ డబ్బులోంచి టీకి కూడా పది రూపాయలు తీయొద్దు. ఖర్చులకు వేరే సంచి, వేరే పుస్తకం ఉండాలి. ఒకసారి రెండూ కలిస్తే రసీదుల మొత్తం, బ్యాంకు మొత్తం ఎప్పటికీ సరిపోవు. తేడా 200 రూపాయలే అయినా ఊళ్లో పుకారుకు అది చాలు.

శనివారం సాయంత్రం కార్యక్రమం పెడితే ఆదివారం బ్యాంకు మూసి ఉంటుంది, నగదు రెండు రాత్రులు లాడ్జిలో మనతోనే ఉండాలి. రెండో, నాలుగో శనివారాలు అసలే సెలవు. నగదు ఎక్కువ వచ్చే సభలు శుక్రవారం లోపు, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఉన్న నడకలు ఆదివారం పెట్టుకోండి. డిపాజిట్ మిషన్ చిల్లర తీసుకోదు. పెద్ద మొత్తంలో నగదు జమకు పాన్ అడుగుతారు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50,000 పైన నగదు కాగితాల్లేకుండా చెక్‌పోస్టులో దొరికితే సీజ్ చేస్తారు, అందుకే అనుమతి లేఖ, లెక్క కాగితం సంచిలోనే ఉండాలి.

క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే ఉండాలి. ఎవరి సొంత నంబరుకూ ఒక్క రూపాయి వేయించొద్దు. లామినేషన్ మెరుపుకు ఎండలో స్కాన్ కాదు, మెరవని కాగితం మీద పెద్దగా ప్రింటు తీయించండి. మన కోడ్ మీద ఇంకొకరు స్టిక్కర్ అంటించే ప్రమాదం ఉంది కాబట్టి గంటకోసారి మనమే స్కాన్ చేసి పేరు చూసుకోవాలి. సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో రసీదు పుస్తకమే దిక్కు.

దాతలకు ముందే చెప్పాల్సినవి ఉన్నాయి. 2,000 దాటిన నగదు విరాళానికి, ఆదాయపు పన్నులో 80జి అని పిలిచే విరాళాల మినహాయింపు రాదు, చెక్కో, యూపీఐయో కావాలి. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఆ మినహాయింపే లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువులు ఇచ్చేది విదేశీ విరాళం కిందికి వస్తుంది. దాన్ని మనం తీసుకోకూడదు, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థకు వాళ్లే నేరుగా పంపాలి.

మైకులో విరాళాల పేర్లు చదవడం మన ప్రాంతంలో బాగా పనిచేస్తుంది, "కీర్తిశేషులైన మా నాయన జ్ఞాపకార్థం" అని ఒకరు ఇస్తే పదిమంది లేస్తారు. అయితే ప్రకటించి ఇవ్వనివాళ్లూ ఉంటారు. పేరు చదివే ముందే ఫోన్ నంబరు రాసుకుని మూడు రోజుల్లోపు అడగండి, వారం దాటితే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవడమే. శాలువలు, సన్మానాలు పెట్టొద్దు. ఆ ఖర్చు ఎవరి డబ్బని జనం కచ్చితంగా అడుగుతారు.

ఐదు కిలోమీటర్ల నడకలో డబ్బు తినేది టీషర్టు. తలకు 200 చొప్పున 300 మంది అంటే 60,000. టీషర్టు 150కి పడితే 45,000 దానికే పోతుంది, మిగిలిన 15,000లో నీళ్లు, మైకు, ఫ్లెక్సీ. స్పాన్సర్ దొరికితేనే టీషర్టు, లేదంటే కాగితపు బ్యాడ్జీ చాలు. నీళ్లు తలకు ముప్పావు లీటరు లెక్కన 225 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు పన్నెండు, పైన రెండు. సగం దూరంలో ఒక పాయింటు, చివర ఒకటి. ఉదయం ఆరుకే మొదలుపెట్టాలి, ముఖ్య అతిథి రాలేదని ఆపితే ఎనిమిది దాటాక పెద్దవాళ్లు కళ్లు తిరిగి పడతారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక నర్సు తప్పనిసరి. ఫ్లెక్సీ మీద తేదీ, ఊరు అచ్చు వేయించకుండా కింద తెల్ల పట్టీ వదిలితే అదే అన్ని ఊళ్లకూ సరిపోతుంది.

ప్రకాశం పల్లెల్లో పొగాకు మాట జాగ్రత్తగా మాట్లాడాలి. టంగుటూరు, కొండపి, పొగాకు వేలం కేంద్రాలున్న ఊళ్లివి. బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) మీద అప్పు చేసిన రైతును మైకులో నిందిస్తే ఆ ఊరు మనకు మూసుకుపోతుంది, పైగా అన్యాయం కూడా. కానీ సిగరెట్, గుట్కా బ్రాండ్ల పేరుతో వచ్చే స్పాన్సర్ డబ్బు వద్దు. 2003 చట్టం ప్రకారం అలాంటి బ్రాండ్ ప్రచారం నేరం. రైతు తన జేబులోంచి ఇచ్చే విరాళం వేరు, దాన్ని గౌరవంగా తీసుకోండి.

టేబుల్ దగ్గరికి రిపోర్టుల కవరు పట్టుకుని వచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. రిపోర్టు చదివి అభిప్రాయం చెప్పొద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద నెట్‌వర్క్ ఆసుపత్రిలో వైద్యమిత్రను (ఆ పథకం సహాయకుణ్ని) కలవమని, 104 నంబరుతో సహా ఒక కాగితం రాసి ఇవ్వండి. రోగిని వేదిక ఎక్కించి మాట్లాడించొద్దు, ఫొటో తీయొద్దు. నాటుమందు అమ్మేవాళ్లు పక్కన చోటు అడిగితే నిక్కచ్చిగా కాదనండి.

కార్యక్రమం అయిన వారంలోపు వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, జమ ఎంత, జమ చేసిన తేదీతో ఒక్క పేజీ లెక్క ఆ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. చెడిపోయిన రసీదులు చించేయకుండా అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచాలి. వాడినవీ వాడనివీ అన్ని పుస్తకాలూ సంస్థకు తిరిగి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.