ఇద్దరు కలిసి నాటకం రాసేటప్పుడు

సంభాషణలు మొదలుపెట్టకముందే కథాక్రమాన్ని రంగాలవారీగా ఇద్దరూ కూర్చుని రాసుకోవాలి. ఆ తర్వాత రంగాలను పంచుకోవచ్చు గాని, పాత్రలను పంచుకుంటే అవి వేర్వేరు నాటకాల్లోంచి వచ్చి కలుసుకున్నట్టు ఉంటుంది. విశాఖలో మరో జాగ్రత్త అవసరం: జాలరిపేట మనిషి చేత ఒక రచయిత ఉత్తరాంధ్ర యాసలో, మరొకరు పుస్తకభాషలో మాట్లాడిస్తే, కళాభారతిలో కూర్చున్న ప్రేక్షకులు వెంటనే పసిగడతారు. కాబట్టి ఒకరు రాసిన రంగాన్ని రెండోవారు బిగ్గరగా చదివి, నోరు తిరగని చోటల్లా గుర్తు పెట్టాలి. తుది ప్రతి మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి. పేర్ల వరుస, పారితోషికంలో వాటా, ప్రదర్శనకు అనుమతి ఇచ్చే తీరు ముందే రాసుకుని సంతకాలు చేయాలి. ఎవరి భాగం ఏదో విడదీయలేని ఉమ్మడి రచనకు, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఇద్దరిలో చివరగా మరణించిన వారి తర్వాత 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి కనుక, ఆ కాగితం వారసులకూ (తగవులు వచ్చేది సాధారణంగా వారి మధ్యనే) అక్కరకొస్తుంది.