కువైట్ అయినా జర్మనీ అయినా, వెళ్ళేలోపు అక్కడి భాష నేర్చుకోవడం ఎలా?

మా మేనత్త ఐదో తరగతితో బడి మానేసింది. రాజోలు పక్క పల్లె నుంచి కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్ళి, రెండేళ్ళకి సెలవు మీద వచ్చినప్పుడు వాళ్ళ మేడమ్‌తో ఫోన్లో అరబ్బీలో గడగడా మాట్లాడుతుంటే అరుగు మీద కూర్చున్న మేమంతా అలా చూస్తూ ఉండిపోయాం. అదే రెండేళ్ళలో నేను అరబ్బీ పుస్తకం కొనుక్కుని అక్షరాలు దిద్దాను, వ్యాకరణం చదివాను, అయినా మంచినీళ్ళు కావాలని అడగడం రాలేదు. ఈ తేడా ఎక్కడొచ్చిందో తెలుసుకోవాలని అప్పటి నుంచి పరాయి భాష మనిషికి ఎలా అబ్బుతుందన్న పరిశోధనల గురించి దొరికింది దొరికినట్టు చదువుతున్నాను, చదివింది మా చుట్టుపక్కల మస్కట్‌కీ కువైట్‌కీ వెళ్ళేవాళ్ళకి, జర్మనీ ప్రయత్నంలో ఉన్న నర్సింగ్ పిల్లలకి చెబుతున్నాను. నాకు అర్థమైంది ఇదండీ: మనం భాషని లోపలికి కుక్కడం మీదే టైమ్ అంతా పెడుతున్నాం, లోపలున్నదాన్ని బయటికి తోడడం మీద పెట్టడం లేదు. కింద చెప్పే పనులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందు గంటల లెక్క వేసుకోండి

ముప్పై రోజుల్లో ఏ భాషైనా వచ్చేస్తుందని బస్టాండ్ షాపుల్లో అమ్మే పుస్తకాలని నమ్మకండి. అమెరికా ప్రభుత్వం తన రాయబార ఉద్యోగులకి భాషలు నేర్పడానికి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ నడుపుతోంది, వాళ్ళ అనుభవంలో జర్మన్‌కి సుమారు 36 వారాలు, అంటే 900 గంటల క్లాసులు పడతాయి, అరబ్బీకి, జపనీస్‌కి 88 వారాలు, 2,200 గంటలు. ఇది ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్ళు ఆఫీసు పనంతా ఆ భాషలో చేసే స్థాయికి రావడానికి పట్టే లెక్క. వంటింట్లో, కారు నడిపేటప్పుడు, దుకాణంలో సరిపోయే మాటలకి ఇంత అక్కర్లేదు. కానీ జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి (యూరప్ భాషా పరీక్షల్లో ఉండే ఆరు మెట్లలో నాలుగోది) అడుగుతారు కాబట్టి ఆ దారిలో వెళ్ళేవాళ్ళు రోజుకి మూడు గంటల చొప్పున పది నెలలు తీసి పక్కన పెట్టుకోవాలి. నాలుగు నెలల్లో పూర్తి చేయిస్తామని చెప్పిన ఒక కోచింగ్ సెంటర్‌ని నమ్మి మా బంధువుల అమ్మాయి ఫీజు కట్టి, పరీక్ష పోయి, తనకి తెలివి లేదేమోనని ఎంత ఏడ్చిందో నేను చూశాను. తెలివికేం లోటు లేదు, గంటలు చాల్లేదంతే.

ఈ లెక్కలో మనకి కలిసొచ్చేవీ ఉన్నాయి. అమెరికా వాళ్ళకి జపనీస్ కొండలా కనిపించడానికి ఒక కారణం క్రియ వాక్యం చివర రావడం, మనకి అది పుట్టినప్పటి నుంచీ అలవాటే. జర్మన్‌లో కూడా "అతను రేపు వస్తాడని నాకు తెలుసు" అనాలంటే "ఇష్ వైస్, దస్ ఎర్ మోర్గెన్ కోమ్ట్" అంటారు, ఆ లోపలి వాక్యంలో "కోమ్ట్" అనే క్రియ మన "వస్తాడని" లాగే చివరికి పోతుంది. ఇక అరబ్బీ మాటలైతే పార్సీ, ఉర్దూల మీదుగా ఎప్పుడో మన ఇళ్ళలోకి వచ్చేశాయి. కుర్చీ, దుకాణం, కలం, జవాబు, తారీఖు, ఖాళీ, వకీలు ఇవన్నీ అరబ్బీ మూలాలున్నవే. పలుకు కొంచెం మారుతుంది, కొన్నిటి అర్థం జరుగుతుంది, అయినా రెండు భాషల్లో పోలిక ఉన్న మాటలు తొందరగా పట్టుబడతాయి. మొదటి రోజు చేయాల్సిన పని ఇదే: ఇలాంటి తెలిసిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. సున్నా నుంచి మొదలుపెడుతున్నామన్న భయం అక్కడే సగం పోతుంది.

ఏ యాస కావాలో తేల్చుకోండి

నేను చేసిన తప్పు ఇక్కడే. పుస్తకాల్లో, వార్తల్లో ఉండే అరబ్బీ వేరు, కువైట్ వంటింట్లో వినపడేది వేరు. "ఏం కావాలి?" అనడానికి పుస్తకంలో "మాదా తురీద్" అని ఉంటుంది, కువైట్‌లో "ష్‌తబీ" అంటారు. ఏ దేశం, ఏ పని అనేది తేలాక, అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళు మన ఊళ్ళో ఎవరున్నారో కనుక్కోండి. కోనసీమలో వీధికి ఒకరైనా ఉంటారు. వాళ్ళే మీ మొదటి మాస్టారు.

వయసు అయిపోయిందనుకునేవాళ్ళకి

నలభై దాటిన ఆడవాళ్ళు నన్ను మొదట అడిగేది ఇదే. 1978లో కేథరీన్ స్నో, మరియాన్ హూఫ్నాగల్-హోలే అనే ఇద్దరు పరిశోధకులు నెదర్లాండ్స్‌కి కొత్తగా వచ్చిన, ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు డచ్చి భాష నేర్చుకుంటుంటే గమనించారు (మన పాలకొల్లులో ఒకప్పుడు వర్తకం చేసినవాళ్ళ భాషే అది). మొదటి నెలల్లో ముందున్నది చిన్నపిల్లలు కాదు, పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలూ పెద్దవాళ్ళూను. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు అందరికంటే వెనకబడ్డారు. కాలం గడిచేకొద్దీ చిన్నవాళ్ళు అందుకుంటారు, అచ్చం అక్కడివాళ్ళలా మాట్లాడడం చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళకే తేలిక, అది నిజం. సుమారు 6,70,000 మంది రాసిన ఇంటర్నెట్ పరీక్షని ఆధారం చేసుకుని 2018లో వచ్చిన ఒక అధ్యయనం, వ్యాకరణాన్ని పట్టుకునే శక్తి పదిహేడేళ్ళ వరకూ నిలిచి ఆ తర్వాత తగ్గుతుందని చెప్పింది. తగ్గడం వేరు, పోవడం వేరు. మీకు కావాల్సింది పని నడిచే భాష, దానికి నలభై అడ్డం కాదు.

మొదటి రెండు వారాలు చెవులకి ఇవ్వండి

జపాన్ వాళ్ళకి ఇంగ్లీషులో "ర", "ల" తేడా వినపడదు. 1990ల మొదట్లో అమెరికాలో జరిగిన ప్రయోగాల్లో, ఒకే మనిషి గొంతుతో తర్ఫీదు ఇస్తే కొత్త గొంతు వినగానే మళ్ళీ తడబడ్డారు, చాలామంది గొంతులు వినిపిస్తే ఆ తేడా పట్టుకోవడం మెరుగై కొత్త గొంతుల్లో కూడా నిలిచింది. అందుకే ఒక్క యూట్యూబ్ మాస్టారుకే అతుక్కుపోకండి. ఆడ, మగ, ముసలి, పిల్ల, నాలుగు గొంతులు వినండి. అరబ్బీలో మన "హ" లాగా వినపడేవి రెండున్నాయి, ఒకటి మామూలుది, ఇంకోటి గొంతు లోపల ఒరుసుకుంటూ వచ్చేది. తెలుగు అక్షరాల్లో రాసుకుంటే రెండూ ఒకటే అయిపోతాయి కాబట్టి రెండోదాని కింద ఒక గీత పెట్టుకోండి, చిన్న పనే గానీ తర్వాత చాలా ఇబ్బంది తప్పిస్తుంది.

మాటల్ని వంతులవారీగా తోడండి

ఎక్కువ మంది చెడిపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నోట్సులో ఎడమ పక్క అరబ్బీ, కుడి పక్క తెలుగు రాసుకుని పదిసార్లు పైకి చదివి, వచ్చేసిందనుకుంటాం. 2008లో కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కాలేజీ పిల్లలకి 40 స్వాహిలీ మాటలు నేర్పారు. ఒకసారి గుర్తొచ్చిన మాటని కొందరికి మళ్ళీ మళ్ళీ చదివించారే తప్ప అడగలేదు, కొందరిని అడుగుతూనే ఉన్నారు. వారం తర్వాత చూస్తే అడుగుతూ ఉన్నవాళ్ళకి 80 శాతం గుర్తుంది, చదువుకుంటూ పోయినవాళ్ళకి మూడో వంతు చిల్లర మాత్రమే గుర్తుంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో సంగతి: వారం తర్వాత మీకెన్ని గుర్తుంటాయనుకుంటున్నారని ముందే అడిగితే రెండు రకాలవాళ్ళూ దాదాపు ఒకే అంకె చెప్పారు. అంటే చదివేటప్పుడు వచ్చినట్టు అనిపించడాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే చాలావరకు జారిపోతుందని, ఒకేరోజు బట్టీ పట్టడం కంటే రోజుల మీద విడదీసి చూస్తే తక్కువ శ్రమతో నిలుస్తుందని చూపించారు. దాళ్వాలో కాలవ నీళ్ళు వంతులవారీగా ఇస్తారు కదండీ, చేను మరీ ఆరిపోకముందే మళ్ళీ వంతు రావాలి. మాటకీ అంతే.

చేసే పద్ధతి చెబుతాను. పాత శుభలేఖలు చిన్న ముక్కలుగా కత్తిరించండి. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఆ భాష. మూడు డబ్బాలు తీసుకోండి, బిస్కెట్ డబ్బాలైనా చాలు. తెలుగు వైపు చూసి ఆ మాట పైకి అనాలి, తిప్పి చూసుకోవాలి. తప్పైతే మొదటి డబ్బాలోకి, అది రోజూ చూసే డబ్బా. సరిగ్గా చెబితే రెండో డబ్బాలోకి, అది మూడు రోజులకోసారి. అక్కడా సరిగ్గా వస్తే మూడోదాంట్లోకి, అది పది రోజులకోసారి. ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటి డబ్బాకే. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, ఫోన్లో ఆంకీ లాంటి యాప్‌ల వెనక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే. గుర్తు రాక తల పట్టుకునే ఆ నాలుగు క్షణాలు వృథా కావు, మాట పాతుకునేది అప్పుడే, కాబట్టి వెంటనే తిప్పి చూసేయకండి.

రోజుకి పది మాటలు చాలు. ఏవి? ముందు తరచుగా వాడేవి: నీళ్ళు, రా, తే, ఎక్కడ, ఎంత, ఇప్పుడు, నొప్పి. ఇంగ్లీషులో 2,000 ముఖ్యమైన మాటలు, వాటి రూపాలతో సహా తెలిస్తే మామూలు రాతలో దాదాపు 80 శాతం తెలిసినట్టేనని లెక్కలున్నాయి. జంతువుల పేర్లు, రంగుల పేర్లు తర్వాత చూసుకోవచ్చు.

అర్థమయ్యేదే వినండి

అరబ్బీ న్యూస్ ఛానల్ రోజంతా పెట్టేసి ఉంచితే అదే వచ్చేస్తుందని ఒకాయన చెప్పారట, మా పక్కింటావిడ నెల రోజులు అలాగే చేసింది. అర్థం కానిది ఎంత విన్నా అది పంకా చప్పుడుతో సమానం. మనకి వచ్చినదానికంటే ఒక్క మెట్టు పైనున్నది వినాలని స్టీఫెన్ క్రాషన్ అనే అమెరికా పరిశోధకుడు 1980లలో గట్టిగా వాదించారు. చదివేటప్పుడైతే వందలో 98 మాటలు తెలిసి ఉండాలని, అంటే యాభై మాటల్లో ఒక్కటే కొత్తదై ఉండాలని హూ, నేషన్ అనే పరిశోధకులు 2000లో తేల్చారు. కాబట్టి పిల్లల బొమ్మల వీడియోలు, వంట వీడియోలతో మొదలుపెట్టండి. వంట వీడియో మరీ మంచిది, ఉల్లిపాయ తరుగుతున్నది కంటికి కనిపిస్తూనే ఉంటుంది.

నోరు తెరవండి

కెనడాలో కొన్ని బడుల్లో ఇంగ్లీషు పిల్లలకి పాఠాలు ఎక్కువగా ఫ్రెంచిలోనే చెప్పేవారు. ఏళ్ళ తరబడి విన్నాక వాళ్ళకి ఫ్రెంచి బాగా అర్థమయ్యేది, మాట్లాడితే మాత్రం వ్యాకరణం తడబడేది. వినడం ఒక్కటే చాలదని, మాట్లాడబోయినప్పుడే మనకేది రాదో మనకి తెలుస్తుందని ఆ పిల్లల్ని గమనించిన మెరిల్ స్వేన్ అనే పరిశోధకురాలు 1985లో రాశారు. మా అత్తకి కుదిరింది అదే: మేడమ్ ఏదో అడుగుతుంది, ఈవిడ ఏదో ఒకటి చెప్పి తీరాలి.

ఇక్కడ ఊళ్ళో ఉండి అది ఎలా అంటారా? సెలవు మీద వచ్చినవాళ్ళతో రోజూ పావుగంట, తెలుగు మాట దొర్లకుండా. అర్థం కాకపోతే తల ఊపేయకండి, "మళ్ళీ చెప్పండి", "మెల్లగా" అనడం అన్నిటికంటే ముందు నేర్చుకోండి, అరబ్బీలో "మర్రా సానియా", "ష్వయ్ ష్వయ్". అవతలివాళ్ళు మనకోసం మాట మార్చి చెప్పే ఆ క్షణంలోనే భాష ఎక్కువగా ఎక్కుతుందని మైకేల్ లాంగ్ అనే ఇంకో పరిశోధకుడు కూడా చెప్పారు. ఇంకో మంచి కసరత్తు: ఒక విషయం, అంటే మీ ఊరు గురించో మీ పని గురించో, ఒకరికి నాలుగు నిమిషాల్లో చెప్పండి, అదే ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మరొకరికి రెండు నిమిషాల్లో. మూడోసారికి నోరు దానంతటదే తిరుగుతుంది. మనిషి దొరక్కపోతే నర్సాపురం రేవులో పంటు కోసం చూస్తూ మనసులోనే చెప్పుకోండి. నలుగురిలో టెన్షన్ పడేవాళ్ళు మొదటి నెల ఒక్క మనిషితోనే మాట్లాడండి, భయం ఉన్నచోట వచ్చిన మాటలు కూడా నోట్లోనే ఆగిపోతాయి.

తప్పులు గమనించే పని చివర్న, కానీ మానొద్దు

మా అత్త అరబ్బీలో ఒక లోపం ఉంది. "రా" అని మగవాళ్ళని పిలిస్తే "తాల్" అనాలి, ఆడవాళ్ళనైతే "తాలీ". ఇంట్లో మేడమ్ ఈవిడని ఎప్పుడూ "తాలీ" అనే పిలిచేది కాబట్టి ఈవిడ విన్నది విన్నట్టే నేర్చుకుని, డ్రైవర్నీ ఇంటాయననీ కూడా "తాలీ" అనే పిలిచింది. అర్థమైపోతోంది కాబట్టి ఎవరూ దిద్దలేదు, పదేళ్ళు అలాగే ఉండిపోయింది. రిచర్డ్ ష్మిట్ అనే పరిశోధకుడు 1983లో హవాయిలోని ఒక జపాన్ చిత్రకారుడి గురించి రాసింది చదివినప్పుడు నాకు మా అత్తే గుర్తొచ్చింది. ఆయన మూడేళ్ళలో ఇంగ్లీషులో ఎవరితోనైనా కలివిడిగా మాట్లాడేవాడు, వ్యాకరణం మాత్రం దాదాపు మొదట్లో ఎక్కడుందో అక్కడే. తర్వాత ష్మిట్ తనే బ్రెజిల్‌లో పోర్చుగీసు నేర్చుకుంటూ డైరీ రాసుకున్నారు, ఎదుటివాళ్ళ మాటల్లో తను ప్రత్యేకంగా గమనించిన రూపాలే తన నోట్లోకి వచ్చాయని చూశారు.

కాబట్టి వారానికి ఒకరోజు మీ మాటలు ఫోన్లో రికార్డ్ చేసి, భాష బాగా వచ్చినవాళ్ళకి వినిపించి, ఒక్కటంటే ఒక్క తప్పు చెప్పమనండి. ఆ వారమంతా ఆ ఒక్కదాని మీదే చెవి పెట్టి వినండి. పోయిన సంక్రాంతికి మా అత్త వచ్చినప్పుడు తాల్, తాలీ తేడా చెప్పాను. "మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంట్రా అబ్బాయ్?" అంది. ఇప్పుడు వాట్సాప్‌లో అడిగితే, పిలిచే ముందు ఒక్క క్షణం ఆగి సరిగ్గానే అంటున్నానని, ఆ ఆగడం కూడా తగ్గుతోందని చెబుతోంది.