సీటీ ఇమేజ్ బాగా రాలేదా? డోసు పెంచే ముందు ఇవి చూడండి

కన్సోల్ (సీటీ మెషీన్‌ను నడిపే కంప్యూటర్) దగ్గర కొత్తగా కూర్చున్నవాళ్ల చెయ్యి, ఇమేజ్ కాస్త పాడవగానే ఎంఏఎస్ (ఎక్స్‌రే ఎంత పడాలో నిర్ణయించే సెట్టింగ్) పెంచడానికే పోతుంది. చాలాసార్లు తప్పు టేబుల్ మీదే ఉంటుంది. ఆ అదనపు రేడియేషన్ మాత్రం పేషెంట్ ఒంటికి తగులుతుంది.

సమస్య: ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది

ముందు టేబుల్ ఎత్తు చూడండి. పేషెంట్ గ్యాంట్రీకి (మెషీన్ గుండ్రటి రింగుకు) సరిగ్గా మధ్యలో లేకపోతే ఎక్స్‌రే ట్యూబు ముందుండి, కిరణాలు మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ పడేలా చేసే బో-టై ఫిల్టర్ లెక్క తప్పుతుంది. స్కౌట్ ఇమేజ్‌లో (అసలు స్కాన్‌కు ముందు ప్లాన్ కోసం తీసేది) మనిషి అసలు కంటే సన్నగానో లావుగానో కనిపిస్తే, దాన్నిబట్టి ట్యూబు కరెంటును సర్దుకునే ఆటోమేటిక్ పద్ధతి కూడా మోసపోతుంది. సన్నగా కనిపిస్తే డోసు తక్కువ పడి నాయిస్ (ఈ గరుకుతనం) పెరుగుతుంది.

నాయిస్‌ను డోసుతోనే సగానికి తగ్గించాలంటే డోసు 4 రెట్లు కావాలి. అందుకే, 1 మి.మీ. స్లైసుల్లో గరుకుగా ఉంటే మళ్లీ స్కాన్ చేయకండి. అదే రా డేటాతో (మెషీన్ అప్పటికే తీసిపెట్టుకున్న సమాచారంతో) 3 లేదా 5 మి.మీ. స్లైసులు, సాఫ్ట్ కెర్నల్ (ఇమేజ్‌ను నునుపు చేసే సెట్టింగ్) పెట్టి రీకన్‌స్ట్రక్ట్ చేసి, అంటే ఇమేజ్‌ను మళ్లీ తయారు చేయించి చూడండి.

సమస్య: అడ్డంగా చారలు

పొట్ట స్కాన్‌లో చేతులు పక్కనే ఉంటే చారలు వస్తాయి. చేతులు తలపైకి పెట్టించండి. విరిగిన చెయ్యి పైకి లేవదంటే పొట్ట మీద దిండు వేసి దానిపై ఆనించండి. మెడ స్కాన్‌లో భుజాలు కిందికి దించమనండి.

లోహం దగ్గర నక్షత్రంలా చారలు కనిపిస్తే మొలతాడు, తాయెత్తు, హుక్కులు, జడపిన్నులు వెతకండి. పొట్ట స్కాన్‌కు తాళి తీయించక్కర్లేదు, మెడ దాకా పైకి జరిపితే చాలు. "అమ్మా, ఇది అడ్డొస్తే లోపల సరిగా కనపడదు" అని ఒక్క మాట చెప్పండి, ఎవరూ కాదనరు. లోపల రాడ్డు ఉన్నవాళ్లకు మెటల్ ఆర్టిఫాక్ట్ (లోహం వల్ల ఇమేజ్‌లో వచ్చే లోపం) తగ్గించే సాఫ్ట్‌వేర్ వాడండి. అది ఒక్కోసారి లేని నీడలు తెస్తుంది కాబట్టి, మామూలు ఇమేజ్‌లు కూడా రేడియాలజిస్టుకు పంపాలి.

సమస్య: అంచులు రెండేసిగా, మసకగా ఉన్నాయి

కదలిక. ఎక్కువగా ఊపిరే కారణం. మెషీన్ ఏ ఇంగ్లిషులోనో "ఊపిరి ఆపండి" అంటే పెద్దవాళ్లకు అర్థం కాదు, పైగా టెన్షన్ పడతారు. చాలా మెషీన్లలో మన గొంతు రికార్డు చేసుకునే వీలుంది, తెలుగులో పెట్టండి. స్కాన్‌కు ముందే రెండుసార్లు ప్రాక్టీసు చేయించండి. ఈ రెండు నిమిషాలు మళ్లీ స్కాన్ చేసే పని తప్పిస్తాయని నా అనుభవం. ఆయాసం ఉన్నవాళ్లకు ఛాతీ స్కాన్ కింది నుంచి పైకి తీయండి. ఊపిరితిత్తుల్లో ఎక్కువగా కదిలేది కింది భాగమే. అది ముందు అయిపోతే, చివర్లో ఊపిరి వదిలేసినా పెద్దగా పాడవదు.

సమస్య: మధ్యలో గుండ్రటి వలయాలు

ఇది పేషెంట్ తప్పు కాదు, ఎక్స్‌రేను అందుకునే డిటెక్టర్‌ది. ఎయిర్ క్యాలిబ్రేషన్ (లోపల ఏమీ పెట్టకుండా గాలితోనే డిటెక్టర్‌ను సరిచేయడం) చేయండి. గ్యాంట్రీ లోపలి పారదర్శకమైన పొర మీద కాంట్రాస్ట్ మందు చుక్క పడినా ఆర్టిఫాక్ట్ వస్తుంది, తుడిచి చూడండి. తర్వాత వాటర్ ఫాంటమ్ (నీళ్లు నింపిన పరీక్ష డబ్బా) స్కాన్ చేస్తే నీటికి 0 దగ్గర, చుట్టూ గాలికి -1000 దగ్గర హౌన్స్‌ఫీల్డ్ విలువలు (సీటీలో సాంద్రతను చూపే అంకెలు) రావాలి. అప్పటికీ వలయం పోకపోతే సర్వీస్ ఇంజినీర్‌ను పిలవండి, అంతవరకు తల స్కాన్‌లు ఆ మెషీన్ మీద పెట్టకండి.