టర్బో డీజిల్ ఇంజిన్ గాలిదారిలో ఆయిల్, మసి పేరుకోకుండా ఏం చేయాలి

డీజిల్ ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో పేరుకునే నల్లని జిడ్డు రెండు వేర్వేరు చోట్ల నుంచి వస్తుంది. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారిన వాయువులు క్రాంక్‌కేసులోని (ఇంజిన్ అడుగుభాగంలోని) ఆయిల్‌ను సన్నని తుంపరగా మోసుకుని, ఆ వాయువులను బయటికి పంపే బ్రీదర్ పైపు ద్వారా, గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే టర్బో ముందుకు చేరతాయి. మరోవైపు, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత భాగాన్ని వెనక్కి మళ్లించే ఈజీఆర్ వాల్వ్ ఆ పొగతోపాటు మసినీ తెస్తుంది. చాలా ఇంజిన్లలో ఇవి రెండూ టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటాక, గాలిని సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర కలుస్తాయి. పొడి మసి చాలావరకు గాలితో కొట్టుకుపోతుంది. ఆయిల్ తడి తగిలినప్పుడే అది గోడలకు అంటుకుని, వేడికి గట్టిపడి తారులా మారుతుంది. అందుకే ముందు ఆయిల్ సంగతి చూడాలని నా అభిప్రాయం.

సర్వీసు చేసేటప్పుడు డబ్బాలో మిగిలిన అరలీటరు ఎందుకు వృథా కావాలని దాన్నీ ఇంజిన్‌లో పోసేయడం మన దగ్గర మామూలే. గరిష్ఠ గీత దాటితే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి తుంపరను పెంచుతుంది. చదునైన నేలపై బండి నిలిపి, వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. మట్టం రెండు గీతల మధ్య ఉంటే చాలు. పోయకుండానే మట్టం పెరుగుతూ, ఆయిల్ డీజిల్ వాసన వేస్తుంటే ఆలస్యం చేయకుండా మెకానిక్‌కు చూపించాలి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి కాల్చేసే ఫిల్టర్) ఉన్న బీఎస్-6 బండ్లలో, ముఖ్యంగా దగ్గరి ప్రయాణాలే ఎక్కువైనప్పుడు, ఇలా జరుగుతుంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్‌నే వాడండి, నగరంలో తిరిగే బండికి చెప్పిన గడువుకన్నా కొంత ముందే మార్చండి.

దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ వల్ల టర్బో ముందు పీల్పు పెరిగి, బ్రీదర్ నుంచీ టర్బో సీళ్ల నుంచీ ఆయిల్ ఎక్కువగా లాగబడుతుంది. మట్టిరోడ్లపై తిరిగేవారు ఫిల్టర్‌ను గడువుకు ముందే చూసుకోవాలి. హైవేపై వేగంగా వచ్చి ఆగినప్పుడు ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాకే ఆఫ్ చేస్తే, టర్బో బేరింగులో ఆయిల్ మాడిపోదు, దాని తిరుగు పైపూ మూసుకుపోదు.

ఇక మసి. ఈజీఆర్ తక్కువ లోడులోనే ఎక్కువగా తెరుచుకుంటుంది, పూర్తి లోడులో మూసుకుంటుంది. కాబట్టి ట్రాఫిక్‌లో పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో ఈడ్చుకుంటూ పోవడమే మసికి మంచి మేత. వారానికోసారి ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డుపై ఇరవై నిమిషాలు 2,000 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య నడపండి. దీనివల్ల కొత్త పొర తగ్గుతుంది కానీ గట్టిపడిన పాత పొర ఊడదు. టర్బో గొట్టాల క్లిప్పులు వదులై గాలి లీకైనా, ఇంజెక్టర్లు కారినా మసి పెరుగుతుంది.

మా కారు లక్ష కిలోమీటర్లు దాటాక మానిఫోల్డ్ విప్పించినప్పుడు, బొటనవేలు సులువుగా దూరాల్సిన రంధ్రంలో చిటికెనవేలు కూడా పట్టలేదు. గీకితే పైపొర వెన్నలా వచ్చింది, అడుగు మాత్రం బొగ్గులా గట్టిగా ఉంది. పికప్ తగ్గడం, నల్లపొగ పెరగడం నెలల క్రితమే మొదలైనా నేను పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రతి సర్వీసులో ఇంటర్‌కూలర్ గొట్టం ఒకటి విప్పి టార్చితో చూస్తున్నాను. పలుచని ఆయిల్ పొర సహజమే. చుక్కలు కారేంతగా నిలిచి ఉంటే బ్రీదర్‌నూ టర్బోనూ పరీక్షించాలి.

బాగా పేరుకున్నాక స్ప్రేతో పని కాదు. ఇంజిన్ నడుస్తుండగా గాలిదారిలోకి ద్రావకం ఎక్కువగా కొడితే అదే ఇంధనమై ఇంజిన్ అదుపు తప్పి పరుగెత్తవచ్చు, ఊడిన గడ్డలు వాల్వులనో టర్బోనో దెబ్బతీయవచ్చు. మానిఫోల్డ్, ఈజీఆర్ వాల్వ్ విప్పించి బయటే శుభ్రం చేయించి, కొత్త గాస్కెట్లతో బిగించమనండి. ఈజీఆర్‌కు పలక అడ్డం పెడతామనే సలహా మాత్రం ఒప్పుకోకండి: అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం, చెక్ ఇంజిన్ లైటూ వెలగవచ్చు, బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ మాత్రం అలాగే ఉంటుంది.