టీవీ కేబుల్ మీదుగా మేడగదికి ఇంటర్నెట్

అమెరికాలో మేముంటున్న ఇల్లు పాతది కావడంతో గోడల్లో ఈథర్నెట్ వైరు లేదు గానీ, టీవీ కోసం వేసిన కోయాక్సియల్ కేబుల్ మాత్రం ప్రతి గదికీ ఉంది. మేడమీది చివరి గదికి వైఫై సరిగా అందకపోవడంతో, గోడలు పగలగొట్టకుండా ఆ కేబుల్ మీదే నెట్‌వర్క్‌ను నడిపే మోకా పద్ధతిని ఎంచుకున్నాను. రౌటర్ దగ్గర ఒక అడాప్టర్, పై గదిలో మరొకటి బిగించగానే రెండింటిలోనూ కోయాక్స్ దీపం వెలిగింది. అయినా లింకు మాటిమాటికీ తెగిపోయేది.

కారణం గరాజ్‌లోని స్ప్లిటర్ (ఒక కేబుల్‌ను పలు గదులకు చీల్చే చిన్న పెట్టె) దగ్గర దొరికింది. దాని మీద 5–1000 మెగాహెర్ట్జ్ అని ముద్రించి ఉంది. ఇలాంటి అడాప్టర్ల సంకేతాలు సాధారణంగా 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి కనుక, ఆ పాత స్ప్లిటర్ వాటిని చాలావరకు మింగేస్తోంది. 1675 వరకు పనిచేసే స్ప్లిటర్‌ను పెట్టి, ఖాళీ పోర్టులకు 75 ఓమ్‌ల టెర్మినేటర్లు (సంకేతం వెనక్కి తిరగకుండా ఆపే మూతలు) బిగించి, వీధి కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట మోకా ఫిల్టర్ అమర్చాను. మన సంకేతం బయటికి పోకుండా ఆపి, తిరిగి లోపలికే మళ్లించేది వేలెడంత ఉండే ఈ గొట్టమే. దీని దగ్గర పిసినారితనం తగదు.

లింకు ఇప్పుడు నిలకడగా ఉంది. మన ఊళ్లలో డీటీహెచ్ వైరు మీద ఇదే చేయాలనుకునేవారు ముందుగా దాన్ని డిష్ నుంచి విడదీయాలి, ఎందుకంటే డిష్ సంకేతాలు కూడా 950–2150 మెగాహెర్ట్జ్ మధ్యనే వస్తాయి.